కుడి చేతిది ముందు

కిందటి వారం మీరు నన్ను మేనేజరు గదిలో, ఆయన బల్ల మీద అరచేత్తో కొట్టి నిలబడ్డ చోట వదిలారు. ఆ చెయ్యి సాయంత్రం దాకా మండింది.

మధ్యలో వచ్చినవాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెబుతాను. మా షెడ్డులో ఉప్పునీళ్ళను మంచినీళ్ళు చేసే దొంతరలు కడతాం. మేం కట్టి పంపిన మూడో నంబరు దొంతర, వెళ్ళిన ఊళ్ళో మూతి తిప్పుకునేంత ఉప్పటి నీళ్ళు ఇస్తోందని వెనక్కి వచ్చింది. దాన్ని కట్టింది మా పిన్ని, అంటే మా అమ్మ చెల్లెలు. కట్టడానికి వారం ముందే ఆవిడ కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. ఇంకేముంది, కళ్ళు కనబడక దొంతరలోని పొరలు తారుమారు చేసిందని తేల్చేసి మూడు వారాలుగా ఇంట్లో కూర్చోబెట్టారు. నేను ఊరుకోలేకపోయాను. దొంతరను అందరి ముందూ విప్పండి, మా పిన్ని చేతి తప్పు ఒక్కటి కనబడినా ఆవిడ పేరు జాబితాలోంచి కొట్టేయండి అని అరిచాను. పిన్నిని అడగకుండానే అరిచాను. నాకు అడిగే అలవాటే ఉంటే ఈ కథ ఉండేది కాదు.

మేనేజరు ఆ మాటను అక్షరం పొల్లుపోకుండా కాగితం మీద రాయించాడు. ఆయన్ని షెడ్డంతా ముల్లుగారు అంటుంది. మీటరు ముల్లు ఎటు చూపిస్తే ఆయన అటే. మంచివాడూ కాదు, చెడ్డవాడూ కాదు. ముల్లుకి మంచీ చెడూ ఏముంటాయి?

జాబితా అంటే గోడకి బిగించిన చిన్న బోర్డు. పొర వేసే అర్హత ఉన్నవాళ్ళ పేర్లు దాని మీద ఉంటాయి. మొత్తం షెడ్డుకి రెండే పేర్లు, అందులో పైది పిన్నిది. ఇరవై రెండేళ్ళుగా పైనే ఉంది. మూడో పేరు నాది కావాలి. వచ్చే సోమవారం నాకు చేతి పరీక్ష. ఈలోగా నేను పొర అందుకోవచ్చు, కడగవచ్చు, లెక్క రాయవచ్చు, కానీ వేయకూడదు. జాబితాలో లేని చెయ్యి పొర వేస్తే ఆ చేతికి ఇక జన్మలో జాబితా లేదు. ఆ నియమం బోర్డు కిందే ఎర్ర అక్షరాలతో రాసి ఉంటుంది.

ఈరోజు ఉదయం పదింటికి దొంతర విప్పడం మొదలుపెట్టారు.

నాకు రాత్రి నిద్ర లేదు. తెల్లారినప్పటినుంచి గేటు దాకా నాలుగుసార్లు వెళ్ళి వచ్చాను. పిన్ని మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు వచ్చింది. ఇస్త్రీ చీర, నల్ల కళ్ళజోడు, చేతిలో టిఫిన్ డబ్బా. పెళ్ళికొచ్చినట్టుంది అన్నాను. "పందెం కాసింది నువ్వు, నాకేం తొందర?" అంది. నన్ను చిన్నప్పటినుంచి ఆవిడ తొందరా అనే పిలుస్తుంది. నా అసలు పేరు ఆవిడకు గుర్తుందో లేదో నాకు అనుమానమే.

దొంతర పొడుగు బల్ల మీద వెల్లకిలా పడుకుని ఉంది. దాన్ని చూడనివాళ్ళు పెద్ద పెట్టె ఊహించుకుంటారు గానీ, అది తెరవని పుస్తకంలా ఉంటుంది. అటొక పలక, ఇటొక పలక, మధ్యలో రెండువందల జతల పొరలు, పొరకీ పొరకీ మధ్య ఒక ప్లాస్టిక్ జాలీ. ఉప్పు నీళ్ళలో కరిగాక ప్లస్ ముక్కా మైనస్ ముక్కా అని విడిపోయి ఉంటుంది. చివరి పలకలకి కరెంటు పెడితే ఒకటి ఇటు పరుగెడుతుంది, ఒకటి అటు. ప్లస్ పొర ప్లస్ ముక్కనే దాటనిస్తుంది, మైనస్ పొర మైనస్ ముక్కనే. అందుకని ఒకటి మార్చి ఒకటి వేసుకుంటూ పోతే ఒక గదిలో ఉప్పు ఖాళీ అవుతుంది, పక్క గదిలో పోగుపడుతుంది. ఖాళీ గదుల నీళ్ళు ఒక గొట్టంలోకి, పోగుపడ్డ గదుల నీళ్ళు ఇంకో గొట్టంలోకి పోతాయి. అంతే విద్య. వేయాల్సిన వరుస తప్పిందా, ఆ గదులు ఎదురు తిరిగి మంచినీళ్ళ గొట్టంలోకే ఉప్పు పోస్తాయి.

పొడిగా ఉంటే పొరలు పోల్చడం తేలిక. ప్లస్ పొర తేనె రంగు, మైనస్ పొర మీగడ రంగు. కానీ వాటిని ఎప్పుడూ నానబెట్టే ఉంచాలి. నానాక రెండూ ఒకటే పాచిరంగు. కవల పిల్లల్ని తల్లి పోల్చినట్టు పిన్ని పోల్చగలదని షెడ్డులో ప్రతీతి. ఆవిడ పద్ధతి మాత్రం కంటిది కాదు, చేతిది. కిటికీ వైపు నిలబడుతుంది. కుడిపక్క తొట్టిలో ప్లస్ పొరలు, ఎడమపక్క తొట్టిలో మైనస్. ప్రతి జతకీ ఒకటే పాట, "కుడి చేతిది ముందు." పది జతలు పూర్తవగానే, జాలీ అంచున బయటికి ఉండే చెవికి ఒక దారం ముడి. బల్లకి ఎదురువైపు నేను నిలబడి జాలీలు అందిస్తూ, రాసుకునే పలక మీద సుద్దతో లెక్క గీస్తూ ఉంటాను.

కెమిస్టు నీలం మందు సీసా తీసింది. ఈ అమ్మాయి షెడ్డుకి వచ్చి ఏడాది కాలేదు, నెమ్మదైన మనిషి, ఎవరి పక్షమూ కాదు. ఆ నీలం మందు చుక్క ప్లస్ పొర మీద పడితే పట్టుకుంటుంది, ఎంత కడిగినా పోదు. మైనస్ పొర మీద పడితే నీళ్ళతో జారిపోతుంది. పొర అంచున చుక్క వేయడం, కడగడం, పైకి చదవడం. పక్కనే ముల్లుగారు కాగితం మీద టిక్కు పెట్టుకోవడం.

పైనుంచి మొదలుపెట్టారు. రెండువందల జత, నూట తొంభై తొమ్మిది, అలా కిందికి.

"పోయింది. అంటింది. పోయింది. అంటింది."

గంటసేపు అదే పాట. నూట యాభై దాటింది, నూరు దాటింది. ఒక్క తప్పు లేదు. ప్రతి పదో జత దగ్గర పిన్ని ముడి కనబడుతూనే ఉంది. ఎడమచేతి వాటంగా లాగిన ఒంటి ముడి, తోక ఒకవైపే. నాకు ఛాతీ పొంగిపోయింది. ముల్లుగారి మొహంలోకి చూసి ఇంకెంతసేపు సార్ అని కూడా అడిగాను. పిన్ని కళ్ళజోడు లోంచి నన్ను చూసి, నోరు మూసుకోమన్నట్టు తల ఆడించింది.

డెబ్బై ఒకటో జత. పై పొర, "పోయింది." కింద పొర, "అంటింది." సరే. తర్వాత డెబ్బయ్యో జత పై పొర. మైనస్ కావాలి. చుక్క పడింది, నీళ్ళు పోసింది.

"అంటింది," అంది కెమిస్టు. మళ్ళీ కడిగింది. ఇంకో మూల ఇంకో చుక్క వేసి కడిగింది. నీలం కదల్లేదు. "సార్, రెండు ప్లస్ పొరలు పక్కపక్కన పడ్డాయి."

ముల్లుగారు టిక్కు పెట్టాల్సిన చోట సున్నా చుట్టాడు. నేను వంగి చూశాను. పొరను చూడలేదు, డెబ్బయ్యో జత జాలీ చెవికున్న దారాన్ని చూశాను.

రెండు ముళ్ళు. ఒకదాని మీద ఒకటి, గట్టిగా బిగించి, రెండు తోకలూ సమంగా.

అది పిన్ని ముడి కాదు. నాది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అనకముందే నా చేతులు కొంగుకి తుడుచుకున్నాను. అప్పటికి మరిచిపోయానని చెబితే అబద్ధం. ఆ రోజు గుర్తుంది. కానీ దాని గురించి నాకు భయం ఉండేది కాదు, ఎందుకంటే సరిగ్గానే వేశానని నా నమ్మకం. పిన్నికి పదకొండింటికి కంట్లో మందు చుక్కలు పడాలి. పడ్డాక పావుగంట కళ్ళు మూసుకుని పడుకోవాలి. రెండు వారాలపాటు రోజూ ఇదే. నేనొచ్చేదాకా ఆపు అని చెప్పి వెళ్ళింది. అరవై జతల దగ్గర ఆగాం. పావుగంట చేతులు కట్టుకుని నిలబడటమా? ఆగలేకపోయాను. ఉన్నచోటే నిలబడి, కుడి చేతిది ముందు అనుకుంటూ పది జతలు వేసేసి, ముడి కూడా వేశాను. పిన్ని తిరిగొచ్చి చెవులు పిండినంత పని చేసింది. ఇంకోసారి పొర ముట్టుకుంటే చెయ్యి విరుస్తానంది. తిట్టి తిట్టి, చివరికి డెబ్బై దాకా తానే వేసినట్టు సంతకం పెట్టింది. నన్ను కాపాడటానికి పెట్టిన సంతకమది.

అంతా సరే, తప్పెక్కడ జరిగింది? పది జతలూ ఒకటి మార్చి ఒకటే వేశాను, ఒట్టు. బుర్ర గిర్రున తిరుగుతుంటే, ముల్లుగారు కలం మూత తీసి పిన్ని వైపు చూశాడు.

"అమ్మా, మీరేమైనా చెప్పేది ఉందా?"

పిన్ని వంగి దారం చూసింది. నల్ల కళ్ళజోడు తీసి మరీ చూసింది. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. ఒక్క చూపుకే అర్థమైపోయింది ఆవిడకు. జోడు మళ్ళీ పెట్టుకుని, కూరలమ్మే మనిషితో బేరం ముగించినంత మామూలుగా అంది.

"చెప్పేదేముంది. నేనే వేశాను. కళ్ళు మసకగా ఉండేవి. రాసుకోండి."

మూడు వారాలుగా వీధిచివర బస్సు మీద నంబరు చదివి వినిపిస్తూ, నాలాంటి కళ్ళు ఇరవయ్యేళ్ళ పిల్లకి కూడా లేవని దెబ్బలాడిన మనిషి ఆ మాట అంది. నోరు తెరిచాను. బల్ల చుట్టూ తిరిగి ఎప్పుడొచ్చిందో, ఆవిడ చెప్పు నా కాలి మీద పడింది. నా చెవిలో మాత్రమే వినబడేలా అంది, "నాకు ఇంకో ఐదేళ్ళ పని ఉంది. నీకు ముప్పై ఏళ్ళ పని ఉంది. నోర్ముయ్."

ముల్లుగారు కాగితం ఆవిడ ముందుకి జరిపాడు. ఇక సంతకమే. ఆ సంతకం పడితే ఇరవై రెండేళ్ళ పేరు గోడ మీంచి పోతుంది, అదీ కళ్ళు కనబడని మనిషి అన్న ముద్రతో. పందెం కాసింది నేను. పోయేది ఆవిడ. నాకు ఒళ్ళు మండిపోయింది, ఆవిడ మీద, నా మీద, ఆ కలం మీద కూడా.

"సార్, ఆగండి," అన్నాను. "సంతకం ముందు మా పిన్నిని ఒక ముడి వేయమనండి. ఈ దొంతరలో మిగతావన్నీ ఒంటి ముళ్ళు. ఇదొక్కటే రెండు ముళ్ళు. ఆవిడ జన్మలో రెండు ముళ్ళు వేయలేదు."

పరీక్ష అంటే ముల్లుగారికి ప్రాణం. దారపు ఉండ తెప్పించి పిన్ని చేతికిచ్చాడు. కెమిస్టు కూడా సీసా పక్కన పెట్టి చూస్తోంది. ఇక దొరికిపోయింది అనుకున్నాను. ఆవిడ అబద్ధాన్ని పట్టివ్వడమే ఆవిడను కాపాడుకోవడం అనే చిక్కులో పడ్డాను నేను.

పిన్ని దారం తీసుకుంది. జాలీ చెవిలోంచి దూర్చింది. ఒక ముడి, దాని మీద ఇంకో ముడి, గట్టిగా బిగించి, తోకలు రెండూ సమంగా లాగింది. నా ముడిని తీసి దాని పక్కన పెడితే నేనే పోల్చుకోలేను.

"చిన్నప్పుడు దీని బూట్ల లేసులు రోజుకి నాలుగుసార్లు ఊడేవి సార్," అంది ముల్లుగారితో. "పరుగులు కదా. ఈ ముడి దీనికి నేర్పింది ఎవరనుకుంటున్నారు?"

ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళూ అది నా సొంత ముడి అనుకున్నాను. ముల్లుగారు తల ఊపి కలం మళ్ళీ ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ కలం పట్టుకుని బల్ల అవతలికి, తన చోటికి నడిచి వెళ్ళి నిలబడింది. అలవాటు. అక్కడ నిలబడితే గానీ ఆవిడకు చేతులు ఆడవు. కుడిచేతిలో కలం, కుడిచేతి పక్కన ప్లస్ తొట్టి. నేను ఇవతల నిలబడి నా కుడిచెయ్యి చూసుకున్నాను.

నా కుడిచేతి పక్కన ఉన్నది మైనస్ తొట్టి.

ఇరవై రెండేళ్ళుగా ఆ బల్ల దగ్గర పొర వేసినవాళ్ళందరూ కిటికీ వైపే నిలబడ్డారు. ఎదురువైపు నిలబడి వేసిన మొదటి మహాతల్లిని నేను. కుడి చేతిది ముందు అన్న పాట నోటికి వచ్చింది గానీ, ఎవరి కుడి చెయ్యో ఆలోచించలేదు. పిన్ని అరవయ్యో జతను మైనస్‌తో ముగించి వెళ్ళింది. నేను నా కుడిచేతిది, అంటే ఇంకో మైనస్, దాని మీద వేశాను. అక్కడినుంచి పది జతలూ తిరగబడ్డాయి. ప్లస్‌తో ముగించాను. పిన్ని వచ్చి తన కుడిచేతిది వేసింది. ప్లస్ మీద ప్లస్.

"సార్, ఆవిడ చేత సంతకం పెట్టించకండి," అన్నాను. ఈసారి గొంతు పెరగలేదు, అదే నాకు వింతగా అనిపించింది. "ఇంకో పది జతలు విప్పించండి. అరవయ్యో జత దగ్గర రెండు మైనస్ పొరలు కలిసి ఉంటాయి. మధ్యలో తప్పు ఉండదు. ఆ రెండు చోట్లే."

"నీకెలా తెలుసు?" అన్నాడు ముల్లుగారు.

"విప్పించండి సార్. తర్వాత చెబుతాను."

పిన్ని కలం బల్ల మీద పెట్టేసింది. తొందరా అని ఒక్కసారి పిలిచి ఊరుకుంది. కెమిస్టు మళ్ళీ సీసా అందుకుంది. అరవై తొమ్మిది, అరవై ఎనిమిది, అరవై ఏడు. ఒకటి అంటడం, ఒకటి పోవడం. అన్నీ తిరగబడి ఉన్నాయి, కానీ ఒకటి మార్చి ఒకటి అన్నది తప్పలేదు. అరవై ఒకటో జత కింది పొర దగ్గరికి వచ్చింది.

"పోయింది."

దాని కింద అరవయ్యో జత పై పొర. జాలీ చెవికి పిన్ని ఒంటి ముడి. చుక్క, నీళ్ళు.

"పోయింది," అంది కెమిస్టు, తలెత్తి నాకేసి చూస్తూ.

అప్పుడు చెప్పేశాను. పావుగంట, కంటి మందు, ఎదురువైపు, కుడిచెయ్యి, అన్నీ. పిన్ని సంతకం నన్ను కాపాడటానికి పెట్టిందని కూడా చెప్పాను. ఆవిడ చేసిన తప్పేదైనా ఉంటే అదొక్కటే. ముల్లుగారు మధ్యలో అడ్డు రాలేదు. అంతా విని, బల్ల చుట్టూ నడిచి నా చోటికి వచ్చి నిలబడి, రెండు చేతులూ చాచి ఏ చెయ్యి ఏ తొట్టి వైపు ఉందో స్వయంగా చూసుకున్నాడు. తర్వాత కాగితం మీద పిన్ని పేరు ఉన్న చోట అడ్డగీత కొట్టాడు. దాని పక్కన నా పేరు రాశాడు.

సోమవారం పరీక్ష పోయింది. గోడ మీద నా పేరు ఇక ఎప్పటికీ ఎక్కదు. తెలుసు. అయినా మూడు వారాల తర్వాత మొదటిసారి నిండా ఊపిరి పీల్చుకున్నాను. పిన్ని వచ్చి నా పక్కన నిలబడి భుజం మీద చెయ్యి వేసింది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు.

ముల్లుగారు కలానికి మూత పెట్టబోయి ఆగాడు.

"ఈ దొంతర ఒక్కటేనా?"

"ఒక్కటే," అంది పిన్ని, నా తరపున, వెంటనే. "ఆ రోజు పెట్టిన చివాట్లకి మళ్ళీ పొర ముట్టుకుంటుందా? దీన్ని పెంచింది నేను, నాకు తెలీదా?"

నేను గోడ మీద, ఏ దొంతర ఎక్కడికి వెళ్తోందో రాసే బోర్డుకేసి చూశాను. దాని మీద కెమిస్టు గుండ్రటి రాత. నాలుగో దొంతర. ఆసుపత్రికి. నిన్న లారీ ఎక్కింది. ఈరోజు పన్నెండింటికి బిగింపు. మా షెడ్డులో లీకు పరీక్ష ఒక్కటే చేస్తాం, ఉప్పు పరీక్ష అక్కడ నీళ్ళు పారాకే. మూడో దొంతర ముగిసిన మర్నాటి నుంచే నాలుగోది కట్టాం. అప్పటికి కంటి మందు ఇంకా నాలుగు రోజులు మిగిలింది. రెండో రోజు పిన్ని కళ్ళు మూసుకుని పడుకున్నప్పుడు నేను మళ్ళీ ఆగలేకపోయాను, అదీ ఈ ఎదురువైపు నిలబడే. ఈసారి తిట్లు పడకుండా పదో జత దాకా వెళ్ళలేదు, ముడి వేయలేదు. పలక మీద లెక్క గీసేది నేనే కదా. పిన్ని వచ్చి ఎంతలో ఉన్నామని అడిగితే, ఆవిడ వేసినవే అన్నట్టు ఆరు గీతలు కలిపి చూపించాను. ఆవిడకు ఆ గీతలు అప్పుడు మసకగానే కనబడ్డాయి.

గడియారం పదకొండూ నలభై చూపిస్తోంది.

"పిన్నీ," అన్నాను. "నాలుగోదాంట్లో ఆరు జతలు."

నా భుజం మీదున్న చెయ్యి తీసేసింది.